శిశువుల భాషాగ్రహణము: వృద్ధవ్యవహారవాద విమర్శనము

శిశువు మాట నేర్చుట ప్రతిగృహమునందును జరుగుచుండు నాశ్చర్యము. నిత్యము కన్నుల యెదుట జరుగుచుండుటచేత నది యాశ్చర్యముగాఁ దోఁపకున్నది. గురువు లేక, గ్రంథము లేక, సూత్రము లేక, మూఁడేండ్లు నిండునప్పటికి బాలుఁడు వాక్యములు గూర్చి తన కోరికను, కోపమును, ప్రశ్నమును వెలిపుచ్చును. అట్టి బాలుఁడే పిదప పాఠశాలకుఁ బోయి పదియేండ్లు చదివియు నన్యభాష నొకదానిని దడఁబడుచుఁ బలుకును. ఈ తారతమ్యమునకుఁ గారణ మేమని మన ప్రాచీనశాస్త్రకారులు విచారించిరి. గడచిన యఱువదియేండ్లలో పాశ్చాత్యదేశముల పరిశోధకులు ప్రయోగమూలమున విచారించిరి. ఈ రెండు విచారములను నొండొంటితో నొరసి చూచి, హైదరాబాదు పాతబస్తీవంటి బహుభాషాస్థానమునఁ బెరుఁగు శిశువు విషయమున నేది యెంతవఱకు నిలుచునో నిర్ణయించుట యీ వ్యాసమునకు విషయము. పాఠశాలలలో నుపాధ్యాయులు ప్రతివత్సరమును జేయుచుండు నొక తీర్పు దీనిపై నాధారపడియున్నది కావున నిది కేవలము శుష్కవాదము గాదు.

మొదట మీమాంసకుల మతము. ఇది పండితులకు సుపరిచితము. ఒక వృద్ధుఁడు మఱియొకనిఁ జూచి యావును దెమ్మనును. రెండవవాఁ డావును దెచ్చును. దాపుననున్న బాలుఁ డీ మాటను వినును, ఆ పనిని జూచును. మాటకును బనికిని సంబంధము గలదని యూహించును. పిమ్మట నావును గట్టుమనియు, గుఱ్ఱమును దెమ్మనియు వేఱువేఱు వాక్యములు వినఁగా, ఏ పదము చేరినప్పు డే వస్తువు వచ్చెనో, ఏ పదము తొలఁగినప్పు డే పని మాఱెనో కనిపెట్టి, యావాపోద్వాపములచేఁ బ్రతిపదమునకు నర్థమును నిశ్చయించుకొనును. శబరస్వామి భాష్యమునందే బాలురు పెద్దల మాటలను దాపుననుండి వినుచు నర్థము గ్రహించుట ప్రత్యక్షసిద్ధమని చెప్పఁబడినది. ఇందు ముఖ్యముగా గమనింపఁదగిన దొకటి కలదు. ఈ దృష్టాంతములో బాలునితో నెవ్వరును మాటలాడలేదు. ఇద్దఱు పెద్దలు తమ పని తాము చూచుకొనుచుండిరి. బాలుఁడు పార్శ్వవర్తి మాత్రమే.

దీనికి భిన్నముగా శ్రీభాష్యమున రామానుజాచార్యులు మఱియొక మార్గమును జూపిరి. తల్లిదండ్రులు మొదలగువారు బాలునకు వ్రేలు చూపి, తల్లిని, తండ్రిని, మేనమామను, చంద్రుని, పశుపక్ష్యాదులను బేర్కొనుచుఁ బలుమాఱు పరిచయము చేయుదురు. ఆ పరిచయముచేత నా శబ్దములు విన్నంతనే బాలుని కర్థస్ఫురణ మగును. పదార్థజ్ఞానమున కిదియే మొదలని వారి యాశయము. కార్యపరములైన వాక్యములవలననే శక్తిగ్రహ మగునను ప్రాభాకరుల పట్టుదలను ఖండించుటకు వారీ యంగుళీనిర్దేశమును వినియోగించిరి. ఇచట బాలుఁడు పార్శ్వవర్తి గాఁడు; సంభాషణమంతయు వానికొఱకే. ఇట్లు మన శాస్త్రములలోనే రెండు పక్షము లేర్పడినవి: బాలుఁడు పెద్దలు తమలోఁ దాము మాటలాడుకొనఁగా విని నేర్చునని యొకటి, పెద్దలు తనతో మాటలాడఁగా నేర్చునని మఱియొకటి.

ఈ వివాదమే యించుమించుగా నదేరూపమున నమెరికాలో మరల మొలచినది. 1995 లో హార్ట్, రిస్లీ యను నిరువురు పరిశోధకులు 42 కుటుంబములను నెలకొక గంటచొప్పున రెండేండ్లకుఁ బైగాఁ బరిశీలించి, శిశువును సంబోధించి పలికిన మాటలను లెక్కించి, సంపన్నగృహములందలి శిశువులు వినుమాటలకును, నిఱుపేదగృహములందలి శిశువులు వినుమాటలకును దొలి కొలఁది యేండ్లలోనే మూఁడుకోట్ల యంతర మేర్పడునని గణించి ప్రకటించిరి. ఈ సంఖ్య లోకమంతటఁ బ్రసిద్ధికెక్కినది. పేదతల్లులు బిడ్డలతో మాటలాడరనియు, నందుచేతనే యా బిడ్డలు చదువున వెనుకఁబడుదురనియుఁ బలువు రనుకొనఁజొచ్చిరి. 2018 లో స్పెరీ మొదలగువా రీ గణనమును మరల విమర్శించిరి. అమెరికాలోని యైదు జనసముదాయములలోఁ బరిశీలించి, తల్లి మాటయే కాక యింటిలోని యితరుల మాటలను, శిశువు చుట్టును జరుగు సంభాషణమును గూడఁ జేర్చి లెక్కించినచో నట్టి నియతమైన యంతరము నిలువదని చూపిరి. హార్ట్ రిస్లీల పక్ష మంగుళీనిర్దేశమునకుఁ జేరువ; స్పెరీపక్షము వృద్ధవ్యవహారమునకుఁ జేరువ. వీరు మన శాస్త్రములను జదివి వాదించినవారు గారు. విషయ మొక్కటియే యగుటచేతఁ బక్షములును రెండే యైనవి.

ఇఁక నేది సిద్ధాంతము? ప్రయోగఫలము లొకవైపునకే మొగ్గలేదు. 2001 లో అఖ్తర్ మొదలగువారు రెండేండ్ల శిశువు లితరులు మాటలాడుకొనఁగాఁ బ్రక్కనుండి విని క్రొత్తపదముల నేర్వఁగలరని చూపిరి. ఇది మీమాంసకుల కనుకూలము. కాని మెక్సికోలోని మాయాభాషీయుల పల్లెలోఁ జేయఁబడి 2012 లో వెలువడిన పరిశీలనమున, శిశువు చుట్టును మాట లెన్ని వినవచ్చినను, పెద్దలు శిశువుతో నేరుగాఁ బలికిన మాటలే పిదపటి పదసంపత్తితో సంబంధము గలిగియున్నవని తేలినది. 2013 లో వైస్లేడర్, ఫెర్నాల్డ్ అను వారు స్పానిషుభాషాగృహములలోఁ జేసిన పరిశీలనమును దీనినే బలపఱచినది. ఇది రామానుజమతమున కనుకూలము. ఏదో యొకదానినే పట్టుకొని రెండవదానిని బరిహరించుట న్యాయము గాదు.

సమన్వయము మీమాంసకుల దృష్టాంతమునందే యిమిడియున్నది. అందు బాలుఁడు మాటను మాత్రమే వినలేదు. ఆవు కదలివచ్చుటను గన్నులారఁ జూచెను. వ్యవహారమనఁగా మాటయుఁ బనియుఁ గలసినది. పని కనఁబడని మాట బాలునకు వట్టిధ్వని. ఇంటిలో మ్రోగు ధ్వనినంతటిని గూర్చి లెక్కించినను వ్యవహారము లెక్కకు వచ్చినట్లు గాదు. ఇఁక నంగుళీనిర్దేశమున వ్రేలు చేయుపని యేమి? బాలుని దృష్టిని, పలుకువాని దృష్టిని నొక వస్తువుపైఁ జేర్చుటయే. ఆవు నడచివచ్చుటయు నా పనినే చేయుచున్నది. కాఁబట్టి రెండు మార్గములకును బ్రాణ మొక్కటియే: చూపును మాటయు నొక్కచోఁ గలియుట. ఏఁడాది శిశువున కా కలయికను బెద్దలు కూర్చిపెట్టవలయును. రెండేండ్లవాఁడు తానే వెదకికొని కూర్చుకొనును. రామానుజులు చెప్పిన శిశువు చిన్నవాఁడు. శబరుఁడు చెప్పిన బాలుఁ డంతకంటెఁ గొంచెము పెద్దవాఁడు. వయోభేదము నంగీకరించినచో నీ రెండు మతములకును విరోధము చాలవఱకుఁ దొలఁగును.

మనుష్యసన్నిధి యెంత యావశ్యకమో కూల్ అను విదుషి 2003 లోఁ బ్రకటించిన ప్రయోగము తెలుపుచున్నది. తొమ్మిదినెలల యమెరికాశిశువులకుఁ జీనాభాష నెఱిఁగినవారు పండ్రెండుమాఱు లెదుటఁ గూర్చుండి యాడుచు మాటలాడఁగా నా శిశువు లా భాషలోని ధ్వనిభేదమును బట్టుకొనఁగలిగిరి. అదే మాటలను దెఱపై బొమ్మగాఁ జూపినప్పుడును, ధ్వనిమాత్రముగా వినిపించినప్పుడును నేమియు నేర్వలేదు. ఈ ప్రయోగము ధ్వనులకు సంబంధించినదే కాని యర్థములకు సంబంధించినది గాదు. ఐనను నేఁడు బిడ్డ యేడ్పు మాన్పుటకు సెల్లుఫోను చేతికిచ్చు తల్లిదండ్రు లాలోచింపవలసిన విషయ మిందుఁ గలదు.

మీమాంసకుల దృష్టాంతమున నొక కొఱత లేకపోలేదు. ఆవాపోద్వాపములు చేయుటకు ముందు బాలుఁడు వాక్యమునుండి పదములను విడఁదీయవలయును. విడఁదీయుటకుఁ బదము లెఱిఁగియుండవలయును గదా! ఇది యన్యోన్యాశ్రయము. వ్రాఁతలోవలెఁ బలుకులోఁ బదముల నడుమ నెడము లేదు. అందును దెలుఁగున సంధులచేతఁ బదము లొండొంటి నొరసికొని పోవును. ‘ఇదెక్కడిది’ యని తల్లి యడిగినప్పుడు ‘ఇది’ యెచట ముగిసెనో, ‘ఎక్కడ’ యెచటఁ దొడఁగెనో చెవికి వేఱుగా వినఁబడదు. పదియేండ్ల విద్యార్థికి సంధివిభాగము నేర్పుట కుపాధ్యాయు లెంత శ్రమపడుదురో యెల్లరకును దెలిసినదే. ఏఁడాది నిండని శిశు వా విభాగమును మొదలుపెట్టినాఁడు!

ఈ యన్యోన్యాశ్రయమునకుఁ బరిహారము 1996 లో సాఫ్రాన్, ఆస్లిన్, న్యూపోర్ట్ అనువారి ప్రయోగమున లభించినది. వా రెనిమిదినెలల శిశువులకు నర్థము లేని యక్షరములను నెడము లేక రెండునిమిషములు వినిపించిరి. కొన్ని యక్షరము లెల్లప్పుడును గలసియే వచ్చునట్లును, కొన్ని యప్పుడప్పుడు మాత్రమే కలియునట్లును గూర్చిరి. శిశువులు నిత్యసాహచర్యము గల యక్షరసముదాయమును వేఱుగా గుర్తించిరి. అనఁగా నర్థజ్ఞానమునకు ముందే, సాహచర్యమును బట్టి పదముల యెల్ల లేర్పడుచున్నవి. ఆవాపోద్వాపములకు సంబంధించియు 2008 లో స్మిత్, యూ అను వా రొక ప్రయోగము చేసిరి. పండ్రెండు, పదునాలుగు నెలల శిశువుల కొక్కమాఱుగా రెండు బొమ్మలను రెండు క్రొత్తపేళ్లను జూపి వినిపింపఁగా, నేది దేనిపేరో యా క్షణమునఁ దెలియకున్నను, మాఱిమాఱి వచ్చు జతలను బోల్చుకొని శిశువులు సరియైన సంబంధమును గనిపెట్టిరి. ఇది యక్షరాల నావాపోద్వాపమే. ఊహచేఁ బ్రాచీనులు సాధించిన దానిని బ్రయోగము స్థిరపఱచినది.

పదములకంటె ముందు వర్ణములు. 1971 లో ఐమస్ మొదలగువా రొకనెల, నాలుగునెలల శిశువులు సైతము ప-బల భేదమును గుర్తింతురని చూపిరి. 1984 లో వెర్కర్, టీస్ అనువారు హిందీలోని ట-తల భేదము నాంగ్లభాషాగృహముల శిశువులకు వినిపించి చూచిరి. ఆఱు మొదలెనిమిది నెలల వయస్సున వా రా భేదమును బాగుగా గ్రహించిరి. పది పండ్రెండు నెలల నాఁటికి గ్రహింపలేకపోయిరి. వారి యింటిభాషలో నా భేదము లేదు కావున నది మఱుఁగుపడినది. తెలుఁగింటి శిశువునకు ‘అత్త’ వేఱు, ‘అట్ట’ వేఱు కావున వాఁడు దానిని నిలుపుకొనును. శిశువు భాష నేర్చుటలో సంపాదించుటయే కాదు, విడిచిపుచ్చుటయుఁ గలదన్నమాట.

అన్వితాభిధాన, అభిహితాన్వయ వాదములనుగూర్చియు నొకమాట. బాలుఁడు మొదట వాక్యమునే గ్రహించి పిదపఁ బదములను విడఁదీయునా, లేక పదములను గ్రహించి పిదప వాక్యముగాఁ గూర్చునా? 1973 లో నెల్సన్ అను విదుషి పదునెనమండ్రు శిశువులను బరిశీలించి, కొందఱు మొదట వస్తువుల పేళ్లనే కూడఁబెట్టుకొందురనియు, మఱికొందఱు ‘వద్దు పో’, ‘ఇటు రా’ వంటి జంటపలుకులను విడఁదీయకయే వాడుదురనియుఁ దెలిపెను. భాట్టప్రాభాకరుల వాదము శాబ్దబోధస్వరూపమునకుఁ జెందినది కావున నీ పరిశీలనమువలన నది తీఱినదనరాదు. ఐనను బాలు రందఱు నొక్కదారిననే నడతురను భావము మాత్రము నిలువదు.

ఇంతవఱకుఁ జెప్పిన వాదములన్నిటిలోను నుక్తముగాని యంగీకార మొకటి కలదు: వృద్ధు లందఱు నొక్కభాషనే పలుకుదు రనుట. ఆవును దెమ్మనినవాఁడును, దెచ్చినవాఁడును నేకభాషీయులు. హార్ట్ రిస్లీలు లెక్కించిన మాటలును నాంగ్లమాత్రములే. ఇచటనే హైదరాబాదు పాతబస్తీ ప్రమాణముగా నిలిచి ప్రశ్నించును.

1591 లో మహమ్మదు కులీ కుతుబ్‌షా మూసీనదికి దక్షిణమునఁ జార్మినారు కేంద్రముగా నీ నగరమును నిర్మించెను. ఆ రాజు దక్కనీలోఁ గవి. వాని తండ్రి యిబ్రహీము కుతుబ్‌షా తెలుఁగుకవుల నోట మల్కిభరాముఁడై, అద్దంకి గంగాధరకవిచేఁ దపతీసంవరణోపాఖ్యానము నంకితము గొన్నవాఁడు. నాఁటినుండియు నీ ప్రాంతమున దక్కనీ యురుదువును, దెలుఁగును బ్రక్కప్రక్కనే వసించుచున్నవి. మహారాష్ట్ర, కర్ణాట, మార్వాడీ భాషలు పలుకువారును, బార్కాసున హద్రమౌతునుండి వచ్చిన యరబ్బుల సంతతివారును గలరు. ఈ సహవాసము భాషల యెమ్ములలో నింకిపోయినది. దక్కనీలోని ‘నక్కో’ మరాఠీనుండి వచ్చినది. ఒకరు చెప్పిన మాట ననువదించునప్పుడు దక్కనీవారు వాడు ‘బోల్‌కే’ యనునది మన ‘అని’ యను క్త్వార్థకమునకు సరియైన యచ్చు. ఉత్తరదేశపు టురుదువులో నీ ప్రయోగము సహజము గాదు. ఇట్టి వాక్యనిర్మాణములు గ్రంథములనుండి గ్రంథములకుఁ బ్రాఁకవు. రెండు భాషల నొక్కనాలుకపై మోయు సామాన్యజనులవలననే, తరతరముల నిత్యసంభాషణమువలననే యవి దాఁటును.

ఇట్టి వీథిలోఁ బుట్టిన శిశువునకు ‘ఆవును దెమ్ము’ అను మాటకును, ‘గాయ్ కో లా’ అను మాటకును నొక్కటే ఫలము గన్పట్టును. ఏకభాషామాత్రమున నేర్పడిన యావాపోద్వాపవాదము దీని కెట్లు సమాధానము చెప్పును? ‘ఆవు’ తొలఁగినను నావు వచ్చుచున్నది గదా యని బాలుఁడు భ్రమపడఁడా? పడఁడనియే ప్రయోగములు సూచించుచున్నవి. భాష లొండొంటినుండి విడివడుట పదజ్ఞానమునకుఁ బూర్వమే మొదలగును. నవజాతశిశువు తల్లి కంఠస్వరమును గుర్తించి దాని యందు మక్కువ చూపునని 1980 లో డికాస్పర్, ఫైఫర్ అనువారు నిరూపించిరి. 2010 లోఁ బ్రకటితమైన మఱియొక పరిశోధనమున, గర్భిణీదశలోఁ దగలాగు, నాంగ్లము రెండును బలికిన తల్లుల నవజాతశిశువు లా రెండు భాషలను వేఱుగా గుర్తించిరని తేలినది. మాటల నడక, లయ, పలుకువారి ముఖము, సందర్భము – ఇవి శిశువునకుఁ బొలిమేరఱాళ్లు. కావున వృద్ధవ్యవహారవాదమున కొక సవరణ చేర్చినఁ జాలును: బాలుఁ డే పదమునకు నేది యర్థమని మాత్రమే గాక, యే పదము నెవ్వరితో వాడవలయుననియు వ్యవహారమునుండియే గ్రహించును.

ఇఁక వ్యాసారంభమున సూచించిన తీర్పు. బిడ్డ యంగన్‌వాడీకిఁ గాని పాఠశాలకుఁ గాని వచ్చిననాఁడు పెద్దలు వానికి ‘మాటలు వచ్చినవా’ యని పరీక్షింతురు. ఆ పరీక్ష యొక్కభాషలో జరుగును. పాతబస్తీ బిడ్డ యొకఁడు ‘నీళ్లు’, ‘పాలు’, ‘కుక్క’ అను మాటలను దెలుఁగునను, ‘పానీ’, ‘దూద్’, ‘చాంద్’ అను మాటల నురుదువునను నెఱిఁగినవాఁ డనుకొందము. తెలుఁగున నడిగినవారికి వాని మాటలు మూఁడు. ఉరుదువున నడిగినవారికిని మూఁడే. వాని నోటనున్న శబ్దము లాఱు. వాని మనసునఁ బేళ్లు గలిగిన పదార్థములు నాలుగు. ఇద్దఱు పరీక్షకులును వానిని గొఱఁతపడినవానిగా వ్రాసికొందురు. ఇద్దఱును దమ లెక్కలో సత్యమే పలికిరి. ఇద్దఱి తీర్పును నసత్యము. 1993 లోఁ బియర్సన్ మొదలగువారు మయామీ నగరమున స్పానిషు, నాంగ్లము రెండు నేర్చు శిశువులను బరిశీలించి యీ దోషమునే యెత్తిచూపిరి. రెండు భాషల పదార్థములను గలిపి లెక్కించినప్పు డా శిశువు లేకభాషాశిశువులకుఁ దీసిపోలేదు. కొలబద్ద పొట్టిదైనందున బిడ్డ పొట్టివాఁ డనుట న్యాయమా?

ఈ దోషమును దిద్దుటకుఁ గావలసిన విద్య యీ నగరముననే కొంత పెంపొందినది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు భాషాశాస్త్రశాఖలో తెలుఁగుశిశువుల ప్రథమభాషావికాసముపై సి. నిర్మల 1981 లో సిద్ధాంతవ్యాసము సమర్పించిరి. బి. లక్ష్మీబాయి, దుగ్గిరాల వసంత సంపాదకత్వమున భారతీయభాషలందలి భాషావికాసమును, భాషాదోషములను గూర్చిన వ్యాససంపుటము 1994 లో వెలువడినది. నాలుగువందల యేండ్లకుఁ బైఁబడి బహుభాషలఁ బలుకు వీథులలో, శిశువుల మాటలను రెండు భాషలలోను నేకకాలమున వ్రాసికొను పని విస్తృతముగా జరుగవలయును. ఆంగ్లశిశువులకై కూర్చిన పదపట్టికలను దెనిఁగించినంతమాత్రమున నది సిద్ధింపదు. మన బిడ్డ లావు, ఆవును, ఆవుకు, ఆవుతో నని విభక్తిభేదముల నెట్లు విడఁదీసికొందురో యా పట్టికలు చెప్పఁజాలవు.

ఇందొక యాక్షేపము రావచ్చును. రెండు భాషల నెపమునఁ బ్రతిబిడ్డ యాలస్యమును క్షమించినచో, నిజముగా లోపము గల బిడ్డ చికిత్స లేక మిగిలిపోఁడా? ఆక్షేపము సమంజసము. సమాధానమును స్పష్టము. రెండు భాషలను వినుటచేత వాగ్లోపము పుట్టదు. కావున రెండు భాషలలోను మాటలు రాని బిడ్డను జూచి ‘ఇంట రెండు భాషలు గదా, నెమ్మదిగా వచ్చునులే’ యని యూరకుండుటయుఁ దప్పే. అట్టివానికి మొదట శ్రవణపరీక్ష చేయింపవలయును. వృద్ధవ్యవహారమున కంతటికిని వినికిడియే ద్వారము. ద్వారము మూసియుండఁగా భాషలను నిందించుట వ్యర్థము. ఒక తప్పు చక్కని బిడ్డను మందమతిగాఁ జేయును. రెండవ తప్పు చెవిటిబిడ్డను మూగవానిగా మిగుల్చును. రెండింటికిని మూల మొక్కటియే: బిడ్డ యెఱిఁగిన దెల్ల లెక్కింపకుండుట.

రాజ్యాంగవిధానము లిప్పు డీ విషయమునకుఁ గొంత దగ్గఱకు వచ్చినవి. తెలంగాణమున 2017 లో నురుదువు రెండవ యధికారభాషగా నంగీకరింపఁబడినది. 2018 లో పాఠశాలలన్నిట తెలుఁగుబోధన నిర్బంధమగునట్లు శాసన మేర్పడినది. 2020 నాఁటి జాతీయవిద్యావిధానము వీలైనంతవఱకు నైదవతరగతిదాఁకనైన నింటిభాషలోఁ జదువు చెప్పవలయునని చెప్పినది. ఐనను ‘ఇంటిభాష’ యను నేకవచనమునందే చిక్కున్నది. పాతబస్తీ గృహములలో నది తఱచుగా ద్వివచనము. ఇంటిలో నొకటి, గడపదాఁటినంతనే రెండవది. పట్టికలోఁ బేరు వ్రాయు నుపాధ్యాయుఁడు మాతృభాష యను గడిలో నొక్కమాటయే వ్రాయఁగలఁడు. బిడ్డ రెండింటితోను వచ్చును.

తేలిన యర్థ మిది. అంగుళీనిర్దేశము, వృద్ధవ్యవహారము పరస్పరవిరోధులు గావు. శిశువు వయస్సును బట్టి యొకటి ముందు, ఒకటి వెనుక. రెంటికిని బ్రాణము మనుష్యసన్నిధియుఁ, జూపును మాటయు నొక్కచోఁ గలియుటయును. వృద్ధు లేకభాషీయు లనుట దృష్టాంతసౌకర్యమే కాని నియమము గాదు. ఆవును దెమ్మనినను, గాయ్ కో లా యనినను వచ్చిన దా యావే యని పాతబస్తీ బాలుఁ డెఱుఁగును. వాని నడుగువారును దాని నెఱిఁగి, రెండు మాటలను వాని లెక్కలో వ్రాసినప్పుడే యా బాలుని గూర్చిన తీర్పు ధర్మ్యమగును.